దీపము పెట్టిన తరువాత: విలియం కేరీ జీవితము



మనుష్యుని పాటు సాయంకాలముతో ముగియునని 104వ కీర్తన వ్రాసిన భక్తుడు గమనించెను. కోడికూతతో లేచి పొలమునకో, కూలికో, మగ్గమునకో వెళ్లినవారు పొద్దు గూకువేళకు ఇల్లు చేరుదురు. కాళ్లు కడుగుకొని నాలుగు మెతుకులు తిని పండుకొనులోగా ఒక గంటయో రెండు గంటలో మిగులును. ఈ కొద్దికాలము ఎవరిది? అది యజమానునిది కాదు, దానికి కూలి ముట్టదు. పగలంతయు ఎవరో ఒకరు మనలను పిలుచుచు పంపుచునుందురు. ఈ గంటను మాత్రము మనమే మనకిష్టమైన చోటికి పంపగలము. దానిని అరుగుమీది పోచికోలు కబుర్లు తినివేయవచ్చును, కల్లు దుకాణము తినివేయవచ్చును, ఈ దినములలో చేతిలోని ఫోను తినివేయవచ్చును. అలసిన మనుష్యుని నిందించుటకు మనము ఈ మాట వ్రాయుటలేదు. అలసట మనకును తెలియును. అయినను ఆ గంటతో ఏమి చేయవచ్చునో ఒక మనుష్యుని జీవితమునుండి నేర్చుకొందము.

ఆ మనుష్యుడు జోళ్లు కుట్టి బ్రదికినవాడు. ఆయన పేరు విలియం కేరీ. ఆయన 1793లో వంగదేశమునకు వచ్చిన మిషనరీ అని మన సంఘములలో చాలమందికి తెలియును. అయితే ఆయన సాయంకాలములలో కొన్ని మన తెలుగు భాషకు చెందినవని తెలిసినవారు తక్కువ. ఆ సంగతి తరువాత చెప్పుదుము. మొదట ఆయన ఇంటినుండి మొదలుపెట్టెదము.

జోళ్ల దుకాణములో

ఇంగ్లండు దేశములోని నార్తాంప్టన్‌షైర్ సీమలో పాలర్స్‌పురీ అను పల్లెయందు 1761 ఆగస్టు 17వ తేదీన కేరీ జన్మించెను. తండ్రి ఎడ్మండు నేతపనివాడు. కేరీ చిన్నవాడై యుండగా తండ్రికి ఆ ఊరి బడిపంతులు పని దొరికెను. అందుచేత ఆ ఇంట అయిదుగురు బిడ్డలకు అన్నము పుష్కలముగా లేకపోయినను అక్షరము మాత్రము దొరికెను. కెనడానుండి తిరిగి వచ్చిన పీటరను పినతండ్రి తోటమాలి. మొక్కలమీద ప్రేమ బాలునికి ఆయనవలన అబ్బెను.

చదువు పెద్దగా సాగలేదు. బడి విడిచిన తరువాత బాలుని పొలము పనిలో పెట్టిరి. కాని ఎండ తగిలినప్పుడెల్ల వాని చర్మము మంటలెత్తి బాధపెట్టెడిది. ఎండలో పనిచేయలేనివానికి నీడపట్టున చేయు పని కావలెను. కాబట్టి తండ్రి వానిని పిడ్డింగ్టను అను పల్లెలో క్లార్క్ నికల్సు అను జోళ్లు కుట్టువానియొద్ద పని నేర్చుకొనుటకు పెట్టెను. తోలు నానవేయుట, కోయుట, ఆరెతో గుచ్చుట, దారము లాగుట, ఇదే పని, ప్రొద్దుటినుండి చీకటిపడువరకు.

ఆ దుకాణములో కొన్ని పుస్తకములుండెను. వాటిలో ఒకటి క్రొత్తనిబంధన వ్యాఖ్యానము. దానిలో అక్కడక్కడ ఎన్నడును చూడని లిపిలో కొన్ని మాటలుండెను. అవి గ్రీకు మాటలు. కేరీ వాటిని చూచి వదలివేయలేదు. ఆ అక్షరములను కాగితముమీద అటులే దించుకొని, స్వగ్రామమునకు వెళ్లినప్పుడు థామస్ జోన్సు అను నేతగానికి చూపెను. ఈ జోన్సు ఒకప్పుడు మంచి చదువు చదివినవాడు. అతడు ఆ మాటల అర్థము చెప్పి, గ్రీకు నేర్పు పుస్తకములిచ్చి దారి చూపెను. పగలు మగ్గముమీద ఒకడు, జోళ్లపీటమీద ఒకడు. పని తీరిన వేళ వారు గురువు, శిష్యుడు అయిరి. ఆ పల్లెలో కళాశాల లేదు. అక్షరము తెలిసినవాడొకడు, అడుగుటకు సిగ్గుపడనివాడొకడు మాత్రముండిరి. ఆరంభమునకు అది చాలెను.

అదే దుకాణములో జాన్ వార్ అను తోటి పనివాడుండెను. అతడు భక్తిగలవాడు. పనిచేయుచు ఇద్దరును దేవుని సంగతులను గూర్చి వాదించుకొనెడివారు. వాదములో కేరీ గెలిచెడివాడు గాని మనస్సులో నెమ్మది లేకపోయెను. 1779 ఫిబ్రవరి 10వ తేదీ రాజాజ్ఞచేత దేశమంతట ప్రార్థనదినముగా ఆచరింపబడెను. ఆ దినమున హాకిల్టను గ్రామమందలి చిన్న ప్రార్థన కూడికకు కేరీ వెళ్లెను. అచ్చట క్రీస్తు నిందను మోయుటకు ఆయన మనస్సు నిర్ణయించుకొనెను. ఆ సంవత్సరమే నికల్సు చనిపోగా కేరీ హాకిల్టనులో థామస్ ఓల్డు అనువానియొద్ద పనికి చేరెను. 1783 అక్టోబరు 5వ తేదీ నీన్ నదిలో బాప్తిస్మము పొందెను.

1781లో డరోతి ప్లాకెట్ అను ఆమెను కేరీ వివాహమాడెను. ఆమెకు చదువు రాదు. పెండ్లి పుస్తకములో సంతకమునకు బదులు గుర్తు పెట్టెను. వారి మొదటి బిడ్డ రెండేండ్ల ప్రాయములో జ్వరముతో మరణించెను. కేరీయు జ్వరముపడి చావు తప్పించుకొనెను, తల వెండ్రుకలు రాలిపోయెను. జోళ్లవలన వచ్చునది చాలక పిడ్డింగ్టనులో సాయంకాలపు బడి పెట్టెను. పగలు కుట్టిన చేతులతోనే రాత్రి పలకపట్టి ఊరివారికి అక్షరములు దిద్దించెను. ఆ మధ్య మిగిలిన కాలములో లాటిను, గ్రీకు, హెబ్రీ, డచ్చి, ఫ్రెంచి భాషలు తానే నేర్చుకొనెను.

ఇచ్చట ఆగి ఒక మాట చెప్పుకొందము. తోలుపనిని హీనముగా ఎంచిన ఊళ్లలో మన తాతలు, తండ్రులు ఎంత అవమానమును మ్రింగిరో మన సంఘములకు వేరుగా చెప్పనక్కరలేదు. కేరీ దేశములో ఆ పనికి అంటు లేదు గాని గౌరవమును లేదు. తరువాత కాలమందు ఆయన పెద్దల విందులో కూర్చుండగా, ఒక సేనాధికారి ఆయనకు వినబడునట్లు, ఈయన ఒకప్పుడు జోళ్లు చేసినవాడు కాడా అని ప్రక్కవానిని అడిగెనట. కేరీ సిగ్గుపడక, జోళ్లు చేసినవాడను కూడ కాను, పాతవాటిని బాగుచేసినవాడను మాత్రమే అని బదులు చెప్పెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. చేతిపని ఆయనకు దాచుకొనవలసిన సంగతి కాకపోయెను. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల ఇంట డేరాలు కుట్టినట్లు అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. దేవుని సేవకుని చేతికి సూదిపోటు అవమానము కాదు.

గోడమీది పటము

1785లో కేరీ మౌల్టను గ్రామమునకు వెళ్లెను. అచ్చట చిన్న సంఘమునకు కాపరిగాను, పిల్లలకు పంతులుగాను, మునుపటివలె జోళ్లు కుట్టువాడుగాను ఉండెను. ఈ మూడు పనులవలన వచ్చునది కలిపినను ఇల్లు గడచుట కష్టముగా నుండెను. ఆ కాలమున నావికుడైన కుక్ దొర ప్రయాణముల పుస్తకము ఆయన చేతికి వచ్చెను. సముద్రముల ఆవల ఎన్ని ద్వీపములు, ఎన్ని జనములు! కేరీ కాగితములు అతికి ఒక పెద్ద ప్రపంచపటము చేసి తన పనిచోట గోడకు తగిలించెను. ఏ దేశములో ఎంతమంది జనులున్నారు, వారి మతమేమి అని తెలిసినంతమట్టుకు దానిమీద వ్రాయుచు వచ్చెను. బడిపిల్లలకొరకు తోలుముక్కలతో ఒక భూగోళము కుట్టెనని కూడ చెప్పుదురు. తోలు కోయుచు తల ఎత్తినప్పుడెల్ల ఆ పటము ఆయనకు కనబడుచుండెను.

కెట్టరింగు పట్టణములోని గాచ్ అను వర్తకుడు ఆయనయొద్ద జోళ్లు కొనెడివాడు. ఈ యువకుడు జోళ్లకంటె చదువునకు తగినవాడని గ్రహించి, జోళ్లవలన వారమునకు ఎంత వచ్చుచున్నదని అడిగి తెలిసికొని, ఆ పది షిల్లింగులు తానే ఇచ్చెదను, నీవు చదువుకొనుమని ఏర్పాటు చేసెనని చెప్పుదురు. ఒకని తీరిక వేళల కష్టమును మరియొకడు కనిపెట్టి చేయూతనిచ్చుట కూడ ఒక పరిచర్యయే. మన సంఘములలో గాచ్ వంటివారు ఎందరున్నారో పెద్దలు ఆలోచింపవలెను.

ఆ పటముమీది లెక్కలు పుస్తకముగా మారెను. 1789లో కేరీ లెస్టరు పట్టణపు సంఘమునకు కాపరిగా వెళ్లెను. 1792లో, అన్యజనులకు సువార్త చెప్పు బాధ్యత క్రైస్తవులందరిమీద నున్నదని వాదించుచు ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. లోకములోని దేశముల పట్టికలు దానిలో ఉండెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2వ తేదీ కెట్టరింగులో ఒక ఇంటి గదిలో కొద్దిమంది కాపరులు కూడి మిషనరీ సంఘమును స్థాపించిరి. వారు వాగ్దానము చేసిన చందా 13 పౌనులు 2 షిల్లింగులు 6 పెన్సులు. చందా కాగితములను వేయుటకు వారికి దొరికినది ఆండ్రూ ఫుల్లరు గారి ముక్కుపొడుము డబ్బీ!

నీలిమందు కార్ఖానాలో

1793 జూనులో కేరీ కుటుంబము ఓడ యెక్కి, నవంబరు 11న కలకత్తా చేరెను. డబ్బు త్వరలోనే అయిపోయెను. అడవి ప్రాంతమున కొంతకాలము బాధపడిన తరువాత, 1794లో మాల్దా దిక్కునున్న మదనావతిలో నీలిమందు కార్ఖానాకు పైవిచారణకర్తగా ఆయన కుదిరెను. పగలు కూలీల లెక్కలు, నీలి తొట్ల పని. పని తీరిన వేళ రామరామ బసు అను మున్షీతో బంగాళీ భాష. అచ్చట నున్న అయిదారేండ్లలో క్రొత్తనిబంధన బంగాళీ చిత్తుప్రతిని దాదాపు ముగించెను.

అయితే ఆ ఇంటిలో దుఃఖము ప్రవేశించెను. 1794లోనే అయిదేండ్ల పీటరు రక్తవిరేచనములతో మరణించెను. ఆ బిడ్డను పాతిపెట్టుటకు చేయి కలుపువారు దొరకుటయే కష్టమాయెను. దానితో తల్లి డరోతి మనస్సు చెదరెను, మరల కుదుటపడలేదు. ఈ సంగతిని మరల ఎత్తుకొందుము.

1800 జనవరి 10న కేరీ శ్రీరామపురము చేరెను. అది అప్పుడు డేనిషువారి ఏలుబడిలోని ఊరు. అచ్చట ముద్రణ తెలిసిన విలియం వార్డు, ఉపాధ్యాయుడైన జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా ఆయనతో కలిసిరి. ఈ కుటుంబములు ఒకే బల్లయొద్ద భుజించి, సంపాదనను ఒకే పెట్టెలో వేసిరి. వారు ఒక మంచి నియమము పెట్టుకొనిరి. ప్రతి శనివారము సాయంకాలము కూడి, ఆ వారములో ఒకరిమీద ఒకరికి కలిగిన మనస్పర్థలు చెప్పుకొని తీర్చుకొనవలెను. వారములో ఒక సాయంకాలము ప్రత్యేకముగా సమాధానపడుటకే! పాత కోపములు సంవత్సరములు మోయు మన సంఘములు ఈ నియమమును ఎరువు తెచ్చుకొనిన మేలు.

బంగాళీ క్రొత్తనిబంధన 1801లో అచ్చుపడెను. ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బంగాళీ నేర్పుటకు ప్రభుత్వము కేరీని నియమించెను. తరువాత సంస్కృతము, మరాటీ కూడ ఆయనకే అప్పగించిరి. తనకు వచ్చిన జీతములో ఇంటికి కావలసినది కొంచెము ఉంచుకొని తక్కినది మిషను పెట్టెలో వేసెను.

ఒక జూను దినము

1806 జూనులో కేరీ కలకత్తానుండి ఇంగ్లండులోని మిత్రునికి ఒక ఉత్తరము వ్రాసెను. ఉత్తరములు తరచుగా ఎందుకు వ్రాయలేకపోవుచున్నాడో తెలుపుటకై తన దినము ఎట్లు గడచెనో వరుసగా చెప్పెను. అప్పుడాయనకు 44 ఏండ్లు.

ఆ దినము ఆరు కొట్టకమునుపే లేచెను. హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి ఏడువరకు ప్రార్థనలో గడపెను. తరువాత పనివారితో కూడ బంగాళీలో కుటుంబప్రార్థన. తేనీరు సిద్ధమగులోగా మున్షీతో పారసీ కొంత చదివెను. ఉపాహారమైన తరువాత పండితునితో కూర్చుండి పది గంటలవరకు సంస్కృత రామాయణమును ఇంగ్లీషులోనికి మార్చెను. అటుపిమ్మట కళాశాలలో పాఠములు మధ్యాహ్నము ఒంటిగంట దాటువరకు. తరువాత యిర్మీయా గ్రంథపు బంగాళీ అచ్చుప్రతిని దిద్దెను. భోజనమైన మీదట ఆరు గంటలవరకు మత్తయి సువార్తను సంస్కృతములోనికి తిప్పెను.

మన లెక్కలో అంతటితో పగటిపని ముగిసినది. ఆరు గంటల తరువాత ఆయన ఏమి చేసెను? ఒక తెలుగు పండితుని ఎదుట శిష్యుడై కూర్చుండి మన భాష నేర్చుకొనెను! సంస్కృతమునుండి తెలుగులోనికి అనువాదము చేయుచున్న పండితుడాయన. ఏడు గంటలకు ప్రసంగమునకు ఆలోచనలు కూర్చుకొని, ఏడున్నరకు సుమారు నలుబదిమందికి బోధించెను. తొమ్మిదికి కూడిక ముగిసెను. మరల బల్లయొద్ద కూర్చుండి పదకొండు కావచ్చువరకు యెహెజ్కేలు గ్రంథములోని ఒక అధ్యాయమును బంగాళీలోనికి మార్చెను. అప్పుడు ఆ ఉత్తరము వ్రాసెను. పిమ్మట గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయము చదివి పండుకొనెను.

గోదావరి, కృష్ణా, పెన్నా తీరములను ఎన్నడును చూడని ఆ మనుష్యుడు, జూను నెల ఉక్కలో, పగలంతయు పనిచేసి అలసిన తలతో మన అక్షరములు దిద్దుకొనెనని తలంచినప్పుడు మన హృదయము కరగకుండునా? ఆ సాయంకాలపు గంటలో మన పూర్వుల పేరు ఒక్కటియు ఆయనకు తెలియదు. అయినను అది మనకొరకు గడచిన గంట.

అగ్ని

ఇట్టి గంటలనుండి తెలుగు వ్యాకరణమొకటి మెల్లగా రూపొందెను. అది ఇంకను వ్రాతప్రతిగానే యుండగా 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము శ్రీరామపురపు అచ్చుకూటములో నిప్పు పుట్టెను. వార్డు, తక్కినవారు ఎంత పాటుపడినను ఆ పొడుగాటి కట్టడము రాత్రికి కాలి కూలిపోయెను. కాగితపు నిల్వలు, అనేక భాషల అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు బూడిదయ్యెను. కేరీ ఆ రాత్రి కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ వెళ్లి వార్త చెప్పెను. కాలిపోయినవాటిలో రామాయణపు అనువాదము కొంత, అనేక భాషలను కలిపి కూర్చుచున్న పెద్ద నిఘంటువు, తెలుగు వ్యాకరణము అంతయు ఉండెను. ఎన్ని సాయంకాలములు ఒక్క సాయంకాలములో పోయెను!

మనమైనయెడల ఏమి చేసియుందుము? కేరీ దుఃఖించెను. ఆ నష్టములో దేవుని హస్తమును గుర్తించి తన్ను తాను తగ్గించుకొనెను. పిమ్మట మొదటి పుటనుండి మరల వ్రాయ మొదలుపెట్టెను. నడచిన త్రోవలో రెండవసారి నడచుట తేలికయని ఆయన తన మిత్రులతో చెప్పుకొనెను. అచ్చుయంత్రములు నిప్పునుండి తప్పించుకొనియుండెను. అక్షరములు పోత పోయుటకు కావలసిన ఉక్కు ముద్రలు శిథిలములలో చెడక దొరికెను. కరగిపోయిన సీసమును ఏరి మరల అక్షరములు పోసిరి.

రెండేండ్లు గడచెను. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము శ్రీరామపురమునుండి వెలువడెను. తెలుగు నేర్చుకొనగోరు ఇంగ్లీషువారికొరకు అచ్చయిన వ్యాకరణములలో అది మొదటితరమునకు చెందినది. మద్రాసులో క్యాంబెల్ దొర ప్రసిద్ధ వ్యాకరణము దానికి రెండేండ్ల తరువాత 1816లో వచ్చెను. 1818లో తెలుగు క్రొత్తనిబంధన శ్రీరామపురమున అచ్చయ్యెను.

ఇచ్చట సత్యము చెప్పవలెను. మన చేతిలో నేడున్న బైబిలు కేరీ అనువాదము కాదు. లండను మిషనువారు 1805నుండి విశాఖపట్టణములో ఉండి, తెలుగువారి మధ్య కాపురము చేసి, ఆనందరాయరు వంటి తెలుగు విశ్వాసి సహాయముతో ఆ పని మొదలుపెట్టిరి. వారి తరువాత మరి అనేకులు దానిని దిద్దిరి. దూరమునుండి నేర్చిన కేరీ తెలుగులో లోపములుండెను, అది నిలువలేదు. అయితే మొదట దున్నినవాని చాలు వంకరగా నున్నదని పొలము అతని మరచిపోదు. మన సాయంకాలపు పని కూడ తుదివరకు నిలుచునని మనకు వాగ్దానము లేదు. ఉదయమున విత్తనము విత్తుము, సాయంకాలమున కూడ చేయి వెనుకతీయకుము, ఏది ఫలించునో నీకు తెలియదను భావము ప్రసంగి గ్రంథము 11వ అధ్యాయములో నున్నది. విత్తుట మన పని. ఫలము ఎంచుట మనది కాదు.

ఇంటి లెక్క

ఇంతవరకు చదివి, కేరీవలె అర్ధరాత్రివరకు పనిచేయువాడే భక్తుడని ఎవరైన తలంచినయెడల, చరిత్రలోని రెండవ ప్రక్క కూడ చూడవలెను. ఒక మనుష్యుని సాయంకాలములో ఆయన ఇంటివారికి కూడ భాగమున్నది. ఆ భాగము కేరీ ఇంట ఎల్లప్పుడు చెల్లలేదు.

డరోతి మొదట ఈ దేశమునకు రానని చెప్పెను. చంటిబిడ్డ చంకలో నుండగా, చెల్లెలు కిట్టి తోడు వచ్చుటకు ఒప్పుకొనినందున మాత్రమే ఓడ యెక్కెను. బిడ్డ చనిపోయిన తరువాత మతి తప్పి పండ్రెండు సంవత్సరములకు మించి బాధపడి 1807 డిసెంబరులో మరణించెను. కేరీ ఆమెను విడిచిపెట్టలేదు, ఆసుపత్రిపాలు చేయలేదు. కాని ప్రక్కగదిలో ఆమె కేకలు వేయుచుండగానే ఆయన అనువాదము సాగెను. కుమారులు ఫెలిక్సు, విలియం, జాబెజు అదుపు లేక పెరుగుచుండిరి. తండ్రి మెత్తనివాడు, పనిలో మునిగినవాడు. హన్నా మార్ష్‌మన్ గారు తల్లివలె వారిని సాకి, వార్డు గారు అన్నవలె వారిని దారిలో పెట్టిరి. తరువాత ఆ కుమారులు దేవుని పనిలోనికి వచ్చిరి. ఫెలిక్సు బర్మాకును జాబెజు అంబోయినాకును వెళ్లిరి. అందుకు దేవునికి స్తోత్రము. అయినను వారి చిన్ననాటి సాయంకాలములలో తండ్రి చేయవలసిన పనిని ఇతరులు చేసిరన్నది సత్యము.

మన ఇండ్లలో కూడ ఇది ఆలోచింపవలసిన సంగతి. పురుషుడు పొలమునుండి వచ్చి కూర్చుండి చదువుకొనవచ్చును. ఆ పొలమునుండియే వచ్చిన స్త్రీ ఆ వేళ పొయ్యి ముట్టించుచుండును, నీళ్లు మోయుచుండును, గిన్నెలు తోముచుండును. ఆమెకు సాయంకాలము రెండవ కూలి. ఆమె భుజముమీద కూర్చుండి మనము బైబిలు చదివినయెడల ఆ చదువు దేవునికి ఇంపుగా నుండునా? నీళ్లు తెచ్చుటలో, బిడ్డను ఎత్తుకొనుటలో భర్త అరగంట సహాయపడినయెడల ఆ ఇంటిలో ఇద్దరికి అరగంట తీరిక దొరకును. ఇద్దరును కలిసి ఒక అధ్యాయము చదువవచ్చును.

మరియు దేహమునకు విశ్రాంతి కూడ దేవుని వరమే. పెందలకడ లేచి ప్రొద్దుపోవువరకు చింతతో కష్టపడుట వ్యర్థమని, దేవుడు తన ప్రియులకు నిద్రనిచ్చునని 127వ కీర్తన బోధించుచున్నది. కేరీ కూడ విశ్రాంతి లేనివాడు కాడు. శ్రీరామపురములో తోట వేసి, దేశదేశముల మొక్కలు పెంచి, ఆ చెట్లక్రింద నడచుచు ప్రార్థించెడివాడు. సాయంకాలమున ధ్యానించుటకు పొలములోనికి వెళ్లిన ఇస్సాకును గూర్చి ఆదికాండము 24వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ గంటలో ఇస్సాకు ఏ పనియు చేయలేదు. దేవుని యెదుట ఊరకయుండెను. అదియు గంటను వ్యర్థపరచుట కాదు.

చివరి సంవత్సరములు

1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించు శాసనము పుట్టెను. దానిని బంగాళీలోనికి మార్చుటకు కేరీకి పంపిరి. అది ఆదివారమున ఆయన చేతికి అందెను. ఒక్క దినము ఆలస్యమైనను ఎందరో విధవరాండ్రు మంటలపాలగుదురని ఎరిగి, ఆ దినపు ప్రసంగమును ఇతరులకు అప్పగించి, పండితునితో కూర్చుండి సాయంకాలమునకు అనువాదము ముగించెను. అప్పటికాయనకు 68 ఏండ్లు. ఆ వేగము ఆ దినమున పుట్టినది కాదు. జోళ్ల దుకాణములో గ్రీకు అక్షరములు దించుకొన్న నాటినుండి వేలకొలది సాయంకాలములలో కూడినది, అవసరము వచ్చిన ఒక్క దినమున అక్కరకు వచ్చెను.

1834 జూన్ 9వ తేదీ శ్రీరామపురములో కేరీ నిద్రించెను. నలుబది యేండ్లకు మించి ఈ దేశములో నుండి ఒక్కసారియైన స్వదేశమునకు వెళ్లలేదు. ఆయన, ఆయన తోటివారు, వారికి తోడ్పడిన పండితులు ముప్పదికి మించిన భాషలలో లేఖనములను, కొన్నిటిలో పూర్తిగాను కొన్నిటిలో భాగములుగాను, అచ్చు వేసిరి. తనలో గొప్ప తెలివి ఏదియు లేదనియు, మొదలుపెట్టిన పనిని విడువక మెల్లగా ఈడ్చుకొనిపోగలుగుట ఒక్కటే తనకు చేతనగుననియు ఆయన తన అన్నదమ్ముల కుమారునితో చెప్పెను. బరువు బండిని బురదలో లాగు ఎద్దునకు చెందిన గుణమది. మన పల్లెలలో దానికి కొదువ లేదు.

మనము చేయదగినది

కేరీకి వచ్చినన్ని భాషలు మనకు రానక్కరలేదు. ఆయనకు పటమొకటి గోడమీద నుండెను. మనకు మన పేట యున్నది. మన పేటలో చదువురాని ముసలమ్మ యున్నది. ఆమె బైబిలు ఎవరైన చదివి వినిపించినగాని ఆమెకు మూసిన పుస్తకమే. పదవ తరగతి తప్పి గట్టుమీద కూర్చుండు కుర్రవాడున్నాడు. లెక్కలు తెలిసిన అక్క యున్నది. కుట్టుపని తెలిసిన వదిన యున్నది. ఒకప్పుడు మన పాలెములలో బడిపంతుళ్లు దీపము పెట్టి రాత్రి బడులు నడపినందుననే కూలికి వెళ్లు మన పెద్దలలో అనేకులు వాక్యము చదువ నేర్చిరి. నేడు కరెంటు దీపమున్నది, గదికి కొదువ లేదు, ప్రార్థనమందిరము వారములో ఎన్నో రాత్రులు తాళము వేసియే యుండును.

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో ప్రతి సంఘపు పెద్దలును కూడి ఒక్క సంగతి ఆలోచింపుడి. వారములో రెండు రాత్రులు మందిరపు తలుపు తీసి, ఒక గంట చదువు నేర్పుటకు ఎవరు వచ్చెదరు? ప్రతి కుటుంబమును తన ఇంట ఒక్క సంగతి నిర్ణయించుకొనుగాక. రాత్రి భోజనమైన తరువాత అరగంట, ఫోను ప్రక్కన పెట్టి, ఒక్క పని: ఒక అధ్యాయము చదువుటయో, బిడ్డ పాఠము చూచుటయో, దూరముననున్న తల్లికి ఉత్తరమో మాటయో పంపుటయో. ఎక్కువ పనులు పెట్టుకొనవద్దు. ఒకటి పెట్టుకొని విడువకుండుడి. మధ్య నాలుగు దినములు తప్పినయెడల నిరాశపడక అయిదవ దినమున మరల కూర్చుండుడి. కాలిపోయిన వ్యాకరణము మరల వ్రాయబడినది గదా.

ప్రార్థన: మా పగటి పాటును ఎరిగిన తండ్రీ, మా సాయంకాలములను కూడ నీ చేతికి అప్పగించుచున్నాము. అలసిన మా దేహములకు నిద్రను, మేలుకొన్న గంటకు ఒక మంచి పనిని దయచేయుము. మా ఇంటివారి భాగమును వారికి ఇచ్చుటకును, పొరుగువారి భాగమును వారికి ఇచ్చుటకును మాకు మనస్సునిమ్ము. మాకు తెలియని జనులకొరకు దీపము పెట్టి కూర్చున్న నీ సేవకులనుబట్టి నీకు స్తోత్రములు చెల్లించుచున్నాము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.